తుంటి మార్పిడిలో సీ-ఆర్మ్ చెక్: మా నాన్న ఆపరేషన్ చూశాక నా రివ్యూ

తుంటి మార్పిడి కోసం ఆసుపత్రుల చుట్టూ తిరుగుతున్న వాళ్ల కోసం, అంతకంటే ఎక్కువగా వాళ్లని వెంటబెట్టుకుని తిరుగుతున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. మా నాన్నకి కుడి తుంటి మార్చి కొన్ని నెలలైంది. హైదరాబాద్‌లో రెండు ప్రైవేట్ ఆసుపత్రుల్లో చూపించి, రెండో చోట చేయించాం. ఆసుపత్రుల పేర్లు రాయడం లేదు. నేను రేటింగ్ ఇస్తున్నది ఒక పద్ధతికి: ఆపరేషన్‌కి ముందు మనిషిని నిలబెట్టి ఒకటి, కూర్చోబెట్టి ఒకటి ఎక్స్‌రే తీయడం, ఆపరేషన్ మధ్యలో కుట్లు వేయకముందే ఇంప్లాంట్, అంటే లోపల పెట్టిన కృత్రిమ కీలు, ఎలా కూర్చుందో సీ-ఆర్మ్ (టేబుల్ దగ్గరే బొమ్మ చూపించే ఎక్స్‌రే మెషిన్) మీద చూసుకోవడం. ఈ పద్ధతికి 5కి 5. మాకు చేసిన ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్‌కి 3. మొదటి చోట వినిపించిన రోబో ప్యాకేజీ కౌన్సెలింగ్‌కి 2, అది కూడా ఆ అమ్మాయి మర్యాదగా మాట్లాడింది కాబట్టి.

మా నాన్నది మర్రిగూడ మండలం. ఆ పేరు చెప్తే నల్గొండ వాళ్లకి ఇంకేం చెప్పక్కర్లేదు. కృష్ణా నీళ్లు ఇంటికి రాకముందు దశాబ్దాల పాటు బోరు నీళ్లే తాగారు. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు, మా వైపు బోర్లలో దానికి కొన్ని రెట్లు ఉండేది. ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగితే ఎముక రాయిలా గట్టిపడుతుంది, వెన్నుపూసల్ని పట్టి ఉంచే లిగమెంట్లలో కాల్షియం పేరుకుని వెన్ను బిగుసుకుపోతుంది. నాన్న పక్కకి చూడాలంటే మెడ తిరగదు, మనిషి మొత్తం తిరగాలి. దానికి తోడు కుడి తుంటి పూర్తిగా అరిగిపోయి, రాత్రి పక్క మీద ఇటు నుంచి అటు ఒత్తిగిలాలన్నా అమ్మ లేచి పట్టుకోవాల్సి వచ్చేది. బిగుసుకున్న ఈ వెన్ను సంగతి గుర్తుపెట్టుకోండి, ఈ రివ్యూలో సగం దాని గురించే.

మొదటి ఆసుపత్రిలో పడుకోబెట్టి ఒక ఎక్స్‌రే తీశారు, డాక్టర్ గారు రెండు నిమిషాలు చూసి మార్చాల్సిందే అన్నారు, ఆ తర్వాత మమ్మల్ని కౌన్సెలర్ దగ్గరికి పంపించారు. ఆమె ట్యాబ్‌లో రోబో చెయ్యి ఎముకని చెక్కుతున్న వీడియో చూపించి, మామూలు ప్యాకేజీ ఇంత, రోబో అయితే దాని మీద ఇంకో లక్షకి పైనే, మిల్లీమీటరు కూడా తేడా రాదు అని చెప్పింది. "మా నాన్న వెన్ను అసలు వంగదమ్మా, దాని వల్ల ఇందులో ఏమైనా మారుతుందా?" అని అడిగాను. "రోబో అన్నీ చూసుకుంటుంది మేడమ్, మీరు టెన్షన్ పడకండి" అంది. నాకు టెన్షన్ మొదలైంది అక్కడే. ఒక ప్రశ్నకి జవాబు రాకుండా ధైర్యం మాత్రమే వచ్చిందంటే, ఆ ప్రశ్న వాళ్లు వేసుకోలేదని అర్థం. ఫైలు తీసుకుని బయటికి వచ్చేశాం.

ఇక్కడ కొంచెం విషయం చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. తుంటి మార్పిడిలో కటి ఎముకలో ఉన్న గుంటని గుండ్రంగా చెక్కి లోహపు కప్పు ఒకటి బిగిస్తారు, దాని లోపల ప్లాస్టిక్ లైనర్ పెడతారు, తొడ ఎముక లోపలికి స్టెమ్ అనే లోహపు కాడ దించి దాని మీద బాల్ పెడతారు. బాల్ కప్పులో తిరుగుతుంది. ఈ కప్పుకి రెండు కోణాలు ముఖ్యం. ఎంత నిటారుగా ఉంది అనేది ఒకటి, దాన్ని ఇంక్లినేషన్ అంటారు. ముందు వైపుకి ఎంత తెరుచుకుని ఉంది అనేది రెండోది, అది యాంటీవర్షన్. ఇవి తప్పితే బాల్ కింద ఉండే స్టెమ్ మెడ భాగం కప్పు అంచుకి కొట్టుకుని, ఒకరోజు కింద నుంచి ఏదో తీసుకోబోయి వంగినప్పుడు బాల్ బయటికి జారిపోవచ్చు. జారకపోయినా, కప్పు మరీ నిటారుగా ఉంటే బరువంతా అంచు మీద పడి లైనర్ త్వరగా అరుగుతుంది. కాలు పొడుగు పొట్టి కావడం మూడో తలనొప్పి, అది స్టెమ్ ఎంత లోతుకి దిగింది, బాల్ ఏ సైజు పెట్టారు, కప్పు ఎంత పైన కూర్చుంది అనే వాటి మీద ఆధారపడుతుంది.

1978లో ల్యూనెక్ అనే డాక్టరు, ఆయన సహచరులు 300 తుంటి ఆపరేషన్లు చూసి ఒక హద్దు గీశారు: ఇంక్లినేషన్ 40 డిగ్రీలు, అటూ ఇటూ 10, యాంటీవర్షన్ 15 డిగ్రీలు, అటూ ఇటూ 10. ఈ హద్దు లోపల ఉన్నవాటిలో 1.5 శాతం జారాయి, బయట ఉన్నవాటిలో 6.1 శాతం. దాన్నే ఇప్పటికీ సేఫ్ జోన్ అంటారు. సరే, పెద్ద ఆసుపత్రి, చేయి తిరిగిన సర్జన్ అయితే ఆ కోణం కంటి చూపుతో వచ్చేస్తుంది కదా అనుకుంటాం. బోస్టన్‌లో మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ వాళ్లు తమ సొంత కేసులే 1,823 తీసి కొలిచి 2011లో ప్రచురించారు. వాళ్లు పెట్టుకున్న హద్దు ఇంక్లినేషన్‌కి 30 నుంచి 45, యాంటీవర్షన్‌కి 5 నుంచి 25. రెండు కోణాలూ హద్దులో పడ్డవి సగం మాత్రమే. అంత పేరున్న చోట సగం. ఇది చదివాక, ఆపరేషన్ టేబుల్ మీద ఏ బొమ్మా చూడకుండా చేత్తో అంచనా వేసి కప్పు కొడతామంటే నేను ఒప్పుకోను. సర్జన్ నైపుణ్యం మీద అనుమానంతో అనడం లేదు. మత్తులో ఉన్న మనిషి కటి, పైన పచ్చ గుడ్డలు కప్పి ఉండగా, టేబుల్ మీద కొంచెం అటో ఇటో ఒరిగి ఉంటుంది. సర్జన్ ఆ ఒరిగిన కటిని చూసే కోణం లెక్కవేస్తారు.

అయితే దీనికి ఇంకో వైపు కూడా ఉంది, నాకు ఇదే అసలు సంగతి అనిపించింది. అమెరికాలో మేయో క్లినిక్ వాళ్లు 2016లో, జారిపోయిన 206 తుంటి కీళ్లని వెనక్కి వెళ్లి కొలిచారు. అందులో 58 శాతం ఆ సేఫ్ జోన్ లోపలే ఉన్నాయి! అంటే కోణం పుస్తకంలో చెప్పినట్టే ఉంది, అయినా జారింది. ఎందుకంటే ఆ కోణం పడుకున్నప్పటిది, మనిషి మాత్రం రోజంతా లేస్తాడు, కూర్చుంటాడు, వంగుతాడు. పుస్తకంలో ఉన్న కోణాన్ని ఎంత కచ్చితంగా పెట్టినా, ఆ మనిషికి ఆ కోణం సరైనదా కాదా అని ముందు ఎవరో ఒకరు చూడాలి. మొదటి ఆసుపత్రిలో నా ప్రశ్నకి రావాల్సిన జవాబు ఇదే.

రెండో చోట సర్జన్ గారు నాన్నని చూడగానే అడిగిన మొదటి మాట, "పెద్దాయనా, కుర్చీలో కూర్చుంటే వెన్ను వెనక్కి వాలుతుందా, కర్రలా నిలబడే ఉంటుందా?" నాన్న నవ్వి, "కర్రే సారూ, మా ఊర్ల సగం మంది గంతే" అన్నారు. వెంటనే పక్క నుంచి రెండు ఎక్స్‌రేలు రాశారు, నిలబడి ఒకటి, స్టూలు మీద కూర్చుని ఒకటి. ఖరీదు చూస్తే మామూలు ఎక్స్‌రే ఖరీదే. నాన్నని మళ్లీ మళ్లీ లేపి కూర్చోబెట్టడం కష్టమైంది, "బొక్కకు ఇన్ని ఫొటోలెందుకు బిడ్డా" అని విసుక్కున్నారు కూడా. ఆ రెండు ఫిల్ములూ పక్కపక్కన పెట్టి డాక్టర్ గారు చూపించినప్పుడు ఎందుకో తెలిసింది.

మామూలు మనిషి నిలబడి ఉన్నవాడు కూర్చుంటే నడుము వంపు తగ్గి, కటి వెనక్కి దాదాపు 20 డిగ్రీలు వాలుతుంది. కటి వెనక్కి వాలితే దానికి బిగించిన కప్పు కూడా వాలి ముందుకి తెరుచుకుంటుంది, కటి ఒక్కో డిగ్రీ వాలితే కప్పు 0.7, 0.8 డిగ్రీల దాకా తెరుచుకుంటుందని లెక్క. అలా తెరుచుకోబట్టే తొడ పైకి వచ్చినా దేనికీ కొట్టుకోకుండా చోటు దొరుకుతుంది. నాన్న రెండు ఎక్స్‌రేల్లో కటి దాదాపు ఒకేలా ఉంది, ఫ్లోరైడ్ వెన్నుని అంతలా పట్టేసింది. అంటే ఆయన కూర్చున్నప్పుడు కప్పు తెరుచుకోదు, వంగాల్సిందంతా తుంటి దగ్గరే వంగాలి, తొడ ముందు భాగం కప్పు అంచుకి కొట్టుకుని బాల్ వెనక్కి జారే ప్రమాదం ఎక్కువ. వెన్నుకి రాడ్లు వేయించుకున్న వాళ్లకి, యాంకైలోజింగ్ స్పాండిలైటిస్ (వెన్నుపూసలు అతుక్కుపోయే జబ్బు) ఉన్నవాళ్లకి కూడా ఇదే సమస్య. ఇక మన ఇళ్లలో నేల మీద కూర్చోవడం, పీట మీద భోజనం, కింద కూర్చునే మరుగుదొడ్డి అన్నీ తుంటిని బాగా వంచే పనులే.

అందుకని డాక్టర్ గారు రెండు నిర్ణయాలు తీసుకున్నారు. కప్పుని మామూలుకంటే కొంచెం ఎక్కువగా ముందుకి తెరిచి పెట్టడం ఒకటి. డ్యూయల్ మొబిలిటీ కప్పు వాడడం రెండోది. అందులో చిన్న బాల్ ఒక పెద్ద ప్లాస్టిక్ బాల్ లోపల తిరుగుతుంది, ఆ పెద్ద బాల్ మళ్లీ కప్పులో తిరుగుతుంది, అందువల్ల జారడం కష్టం. 1970లలో ఫ్రాన్స్‌లో గిల్ బూస్కే అనే సర్జన్ దీన్ని తయారు చేశారు, కొత్త వస్తువేమీ కాదు. ఖరీదు కొంచెం ఎక్కువ, కానీ ఆ డబ్బు ఎందుకు పెడుతున్నామో మాకు ఎక్స్‌రే మీద కనిపించింది. రోబో ప్యాకేజీలో అదనపు లక్ష ఎందుకో నాకు అలా ఎవరూ చూపించలేదు.

ఇంకో చిన్న విషయం. ముందు వైపు ఎక్స్‌రే తీసేటప్పుడు టెక్నీషియన్ ఒక లోహపు గుండు తెచ్చి తుంటి ఎముక ఎత్తుకి సమానంగా కాళ్ల మధ్య పెట్టాడు. ఎక్స్‌రేలో ఎముక అసలు సైజుకంటే 15, 20 శాతం పెద్దగా కనిపిస్తుంది, లావుగా ఉన్నవాళ్లకి ఇంకొంచెం ఎక్కువ. గుండు సైజు 25 మిల్లీమీటర్లు అని ముందే తెలుసు కాబట్టి, ఫిల్ములో అది ఎంత కనిపిస్తోందో కొలిచి కంప్యూటర్ అసలు సైజు లెక్కగడుతుంది. దాని మీద ఏ సైజు కప్పు, ఏ సైజు స్టెమ్ పడుతుందో గీసి చూసుకుంటారు, టెంప్లేటింగ్ అంటారు దాన్ని. మొదటి ఆసుపత్రి ఫిల్ములో ఆ గుండు లేదు. అంత చిన్న గుండు పెట్టడానికి ఎవరికీ పైసా ఖర్చు లేదు, ఆ శ్రద్ధ ఉందా లేదా అనేదే తేడా. మీ దగ్గర ఉన్న ఫిల్ములో గుండ్రటి తెల్లటి చుక్క ఒకటి కనిపిస్తుందేమో ఓసారి చూసుకోండి.

ఇక ఆపరేషన్. నేను లోపల లేను, కానీ సేవ్ చేసిన సీ-ఆర్మ్ బొమ్మలన్నీ సాయంత్రం డాక్టర్ గారు కంప్యూటర్ మీద వరసగా చూపించి చెప్పారు, ఈ ఓపికకే నేను ఆయనకి చేతులెత్తి దండం పెట్టాను. సీ-ఆర్మ్ అంటే తెలిసే ఉంటుంది, ఇంగ్లిష్ సీ అక్షరం ఆకారంలో ఉండే ఎక్స్‌రే మెషిన్, టేబుల్‌కి అడ్డంగా తోసుకొస్తే బొమ్మ అప్పటికప్పుడు మానిటర్ మీద కనిపిస్తుంది. నాన్నని వెల్లకిలా పడుకోబెట్టి చేశారు, అలా అయితే సీ-ఆర్మ్ వాడడం తేలిక. పక్కకి తిప్పి పడుకోబెట్టి చేసే పద్ధతిలో కటి ఎటు ఒరిగిందో పట్టుకోవడం కష్టం, అక్కడ చాలామంది పోర్టబుల్ ఎక్స్‌రే తీసి చూసుకుంటారట.

అన్నిటికంటే ముందు తీసిన బొమ్మ కప్పు కోసం కాదు, కటి తిన్నగా ఉందా అని చూడడానికి. కటి కింద రెండు వైపులా ఉండే రెండు రంధ్రాలు ఒకే ఆకారంలో కనిపించాలి, వెనక తోక ఎముక కొన, ముందు వైపు రెండు కటి ఎముకలు కలిసే అతుకుకి నేరుగా రావాలి. అలా వచ్చేదాకా టేబుల్‌నో మెషిన్‌నో సర్దుతారు. ఈ పని చేయకుండా కోణం కొలిస్తే ఆ అంకెకి విలువ లేదు. ఆ తర్వాత కప్పు కొట్టి బొమ్మ తీశారు. పళ్లేన్ని నేరుగా చూస్తే గుండ్రంగా, ఓరగా చూస్తే కోడిగుడ్డు ఆకారంలో, పూర్తిగా పక్క నుంచి చూస్తే గీతలా కనిపిస్తుంది కదా, కప్పు అంచు కూడా బొమ్మలో అంతే, ఆ గుడ్డు ఆకారం ఎంత వెడల్పుగా ఉందో దాన్నిబట్టి కప్పు ఎంత తెరుచుకుందో తెలుస్తుంది.

మొదట కొట్టినప్పుడు కప్పు అనుకున్నదానికంటే నిటారుగా కూర్చుంది. ఫ్లోరైడ్ ఎముక మరీ గట్టిగా ఉండడంతో, చెక్కే రీమర్ గట్టిగా ఉన్నవైపు నుంచి మెత్తటి వైపుకి నెట్టుకుపోయిందని డాక్టర్ గారు వివరించారు. చేతికి సరిగ్గానే ఉన్నట్టు అనిపించిందట, బొమ్మలో 48 డిగ్రీల దగ్గర కనిపించింది. దాన్ని వదిలించి, గట్టి భాగాన్ని ఇంకొంచెం చెక్కి, మళ్లీ కొట్టి, మళ్లీ బొమ్మ తీసి, 40 దగ్గరికి వచ్చాక స్క్రూలు వేశారు. రెండు బొమ్మలూ నేను చూశాను. ఆ మొదటి బొమ్మే తీయకపోయి ఉంటే, అదే కప్పుతో నాన్న ఇంటికి వచ్చేవారు. నడిచేవారు కూడా, బయటికి ఏమీ తెలిసేది కాదు. నా 5 స్టార్లూ ఆ రెండు బొమ్మల మధ్య ఉన్న తేడాకి.

తర్వాత ట్రయల్ స్టెమ్, ట్రయల్ బాల్ పెట్టి కాళ్ల పొడుగు చూశారు. కటిలో రెండు వైపులా కన్నీటి చుక్కలా కనిపించే గుర్తుల్ని కలుపుతూ ఒక గీత గీసి, దాని నుంచి తొడ ఎముక లోపలి వైపున్న చిన్న బుడిపె దాకా దూరం రెండు కాళ్లకీ పోలుస్తారు. తేడా ఉంటే బాల్‌ని ఒక సైజు మారుస్తారు. అన్నీ సరిపోయాకే అసలువి పెట్టి కుట్లు.

సీ-ఆర్మ్‌కి లోపాలు లేవని కాదు. దాని కిటికీ చిన్నది, రెండు తుంటి కీళ్లూ ఒకే బొమ్మలో పట్టవు, అందుకని రెండు బొమ్మలు తీసి పోల్చుకోవాలి. పాత మెషిన్లలో అంచుల దగ్గర బొమ్మ వంగినట్టు వస్తుంది, చూడాల్సిన భాగం నడిమధ్యకి తెచ్చుకోకపోతే కోణం తేడాగా కనిపిస్తుంది. ఈ ఇబ్బందుల కోసమే సీ-ఆర్మ్ బొమ్మ మీద గీతలు గీసి కొలిచి, రెండు వైపులూ పోల్చి చెప్పే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. డిప్యూ సింథెస్ వాళ్ల వెలిస్ హిప్ నావిగేషన్, ఆర్థోగ్రిడ్ లాంటివి. మా కేసులో అవేమీ లేవు, డాక్టర్ గారు స్క్రీన్ మీద గీతలు గీసి చూసుకున్నారు. ఆపరేషన్ టైమ్ కొంచెం పెరుగుతుంది, లోపల ఉన్నవాళ్లంతా సీసం ఏప్రన్ బరువు మోస్తూ నిలబడాలి. అయినా అలా చేసే సర్జనే నాకు కావాలి.

రోబో గురించి న్యాయంగా చెప్పాలి, ఎందుకంటే నా మాటలు చదివి రోబో దండగ అనుకుంటే అదీ తప్పే. తుంటి మార్పిడిలో రోబో నిన్న మొన్న వచ్చింది కాదు, 1992లోనే అమెరికాలో శాక్రమెంటోలో రోబోడాక్ అనే మెషిన్‌తో మనిషికి చేశారు. ఇప్పుడు ఎక్కువగా వినిపించే మాకో, 2013లో స్ట్రైకర్ కంపెనీ కొనుక్కున్నది. దానికి ముందుగా సీటీ స్కాన్ తీస్తారు, కటితో పాటు మోకాలి దగ్గర కూడా కొన్ని స్లైసులు తీస్తారు, తొడ ఎముక ఎంత మెలి తిరిగి ఉందో తెలియడానికి. ఆ 3డి బొమ్మ మీద ముందే కప్పు, స్టెమ్ పెట్టి చూసుకుని, ఆపరేషన్‌లో ఎముక మీద గుర్తుల్ని మెషిన్‌కి తాకించి చూపిస్తే, గీసిన హద్దు దాటి చెక్కకుండా ఆ చెయ్యి ఆపుతుంది. అనుకున్న కోణానికి దగ్గరగా పెట్టడంలో ఇది చేతి అంచనా కంటే మెరుగు, ఇందులో వాదన లేదు. పుట్టుకతో తుంటి గుంట సరిగ్గా ఏర్పడని వాళ్లకి, పాత ఫ్రాక్చర్‌తో కటి ఆకారం మారిపోయిన వాళ్లకి ఆ 3డి బొమ్మ చాలా విలువైనది, మా ఇంట్లో అలాంటి కేసు ఉంటే నేనే రోబో అడిగేదాన్ని.

కానీ రోబో మనం చెప్పిన కోణంలో పెడుతుంది. ఆ కోణం ఎంత అని నిర్ణయించాలంటే దానికీ నిలబడి, కూర్చుని తీసిన ఎక్స్‌రేల లెక్క కావాలి. కొత్త సాఫ్ట్‌వేర్లలో కటి వాలును ఎక్కించి, కూర్చుంటే ఎక్కడ కొట్టుకుంటుందో ముందే చూసే సదుపాయం కూడా ఉంది, ఆ వాలు ఎంతో తెలియాలంటే మళ్లీ ఎవరో ఒకరు ఆ ఎక్స్‌రేలు తీయాలి కదా. పడుకోబెట్టి తీసిన ఒక్క ఎక్స్‌రేతో "రోబో అన్నీ చూసుకుంటుంది" అన్న ఆ మాట అందుకే నాకు ఇప్పటికీ మింగుడు పడదు. ఇంకో సంగతి, మాకోతో చేస్తే స్ట్రైకర్ ఇంప్లాంట్లే వేయాలి, ఇది ప్యాకేజీ చెప్పేటప్పుడు చెప్పాలి. కోణాలు బాగా వస్తున్నాయని తేలినంత గట్టిగా, పదిహేను ఇరవై ఏళ్ల తర్వాత కీలు ఎక్కువ కాలం నిలుస్తుందని ఇంకా తేలలేదు. ఆ లక్ష అప్పు చేసి తేవాల్సిన ఇల్లయితే ఆ అప్పు చేయమని నేను చెప్పను.

రేడియేషన్ గురించి అమ్మ భయపడింది, చాలా ఇళ్లలో ఇదే భయం. మనకి ప్రకృతి నుంచి ఏడాదికి అందే రేడియేషన్ ప్రపంచ సగటున 2.4 మిల్లీసీవర్టులు. కటి ఎక్స్‌రే ఒకటికి అందులో చిన్న భాగం పడుతుంది, కటి సీటీ స్కాన్ అయితే మామూలుగా రెండు మూడేళ్ల ప్రకృతి లెక్క పడుతుంది, తక్కువ డోసులో తీసే పద్ధతులూ ఉన్నాయి. సీ-ఆర్మ్ వీడియోలా నడిపించకుండా ఒక్కో బొమ్మ తీసి ఆపేస్తే పేషెంట్‌కి పడేది తక్కువే. డెబ్బై దగ్గర పడుతున్న మనిషికి కప్పు సరిగ్గా కూర్చోవడం ముందు ఇది పెద్ద లెక్కలోకి రాదు. ముప్పై ఏళ్ల అమ్మాయికి అయితే సీటీ నిజంగా అవసరమా అని అడగడంలో తప్పు లేదు.

ముప్పై అన్నాను కాబట్టి గుర్తొచ్చింది, వార్డులో నాన్న పక్క మంచాల్లో ఉన్నది పెద్దవాళ్లు కాదు, ఏవీఎన్ వచ్చిన కుర్రాళ్లు. రక్తం అందక తొడ ఎముక పైనున్న గుండ్రటి తల కుంగిపోయే జబ్బు, స్టెరాయిడ్లు ఎక్కువ వాడినా, తాగుడు ఎక్కువైనా వస్తుంది, చాలామందికి రెండు వైపులా వస్తుంది. వాళ్లు ఆ కీలుతో ఇంకా నలభై ఏళ్లు బతకాలి. నాన్నకంటే వాళ్లకే ఈ కోణాల గొడవ ఎక్కువ ముఖ్యం, నిటారు కప్పు మీద అన్నేళ్ల అరుగుదల అంటే మామూలు విషయం కాదు. పాపం వాళ్లలో ఒకరిద్దరికి తమకి ఏ కంపెనీ ఇంప్లాంట్ వేశారో కూడా తెలియదు. ఇంప్లాంట్ డబ్బాల మీద ఉండే స్టిక్కర్లు, లాట్ నంబరుతో సహా, మీ ఫైల్లో అంటించమని అడగండి. 2010లో డిప్యూ కంపెనీ ఏఎస్ఆర్ తుంటి ఇంప్లాంట్లని ప్రపంచమంతటా వెనక్కి పిలిచినప్పుడు, తమ ఒంట్లో ఏముందో తెలుసుకోవడానికి ఆ స్టిక్కరే ఆధారం.

ఇంటికి వచ్చాక ఒక గండం దాటాం, అక్కడ కూడా బొమ్మే ఆదుకుంది. ఆపరేషన్ మర్నాడే వాకర్‌తో నిలబెట్టారు, నొప్పి చాలావరకు పోయింది, కానీ నాన్న "కుడికాలు పొడుగైంది" అని మొదలుపెట్టారు. చూడ్డానికి వచ్చిన బంధువులు మంచం పక్కన నిలబడి కాళ్లు కొలిచి, "అవును, పొడుగే పెట్టిన్రు" అని తీర్పు కూడా ఇచ్చేశారు. నాన్న భోజనం మానేశారు. డాక్టర్ గారి దగ్గరికి తీసుకెళ్తే, ఆయన ఆఖరి సీ-ఆర్మ్ బొమ్మ, తర్వాత తీసిన ఎక్స్‌రే రెండూ తెరిచి గీత గీసి చూపించారు, తేడా 3 మిల్లీమీటర్లు, 10 మిల్లీమీటర్ల లోపు తేడాని చాలామంది గమనించరు కూడా. ఏళ్ల తరబడి తుంటి బిగుసుకుని కటి ఒక పక్కకి ఒరిగి నడిచిన మనిషికి, ఇప్పుడు కీలు సరైనా కండరాలు ఇంకా పాత అలవాటులోనే లాగుతుంటాయి, అందుకే పొడుగు అనిపిస్తుంది, ఫిజియోతో సర్దుకుంటుంది, అప్పుడే చెప్పు కింద అట్ట వేయకండి అన్నారు. నాన్న ఆ బొమ్మ కేసి చాలాసేపు చూసి, "సరే సారూ" అన్నారు. ఆ రాత్రి అన్నం తిన్నారు. కొన్ని వారాలకి ఆ పొడుగు మాటే మర్చిపోయారు. చేతిలో ఆధారం లేకుండా "అదే సర్దుకుంటుంది" అని ఎన్నిసార్లు చెప్పినా మా నాన్న నమ్మే రకం కాదు.

బిల్లింగ్‌కి 3 ఎందుకంటే, సీ-ఆర్మ్ చార్జీ ప్యాకేజీలో ఉందా లేదా అనే దానికి కౌంటర్‌లో ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్పారు, డిశ్చార్జ్ మధ్యాహ్నం అని రాత్రి చేశారు. సీడీలో మామూలు ఎక్స్‌రేలు మాత్రమే పెట్టి, ఓటీ (ఆపరేషన్ థియేటర్) బొమ్మలు ఇవ్వం అన్నారు, డాక్టర్ గారితో చెప్పించాక ఇచ్చారు. అవి పేషెంట్ డబ్బుతో పేషెంట్ ఒంటికి తీసినవి, అడిగించుకోకుండా ఇవ్వాలి. ఇంకోటి, ప్రభుత్వం 2017 ఆగస్టులో ధరకి పరిమితి పెట్టింది మోకాలి ఇంప్లాంట్లకి, తుంటివి అందులో లేవు. కాబట్టి కప్పు, లైనర్, స్టెమ్, బాల్ ఒక్కోదాని ధర విడిగా రాసిచ్చిన ఎస్టిమేట్ ముందే తీసుకోండి. నర్సులు, ఫిజియో వాళ్లు మాత్రం బంగారం.

హైదరాబాద్ రాలేని వాళ్లకి ఒక మాట. సీ-ఆర్మ్ కార్పొరేట్ ఆసుపత్రుల సొత్తు కాదు, విరిగిన ఎముకలకి రాడ్లు వేయాలంటే అది కావాలి కాబట్టి నల్గొండ, ఖమ్మం, ఒంగోలు లాంటి ఊళ్లలో ఎముకల ఆపరేషన్లు చేసే చోట్ల ఉంటుంది. ఓటీలో ఉన్న మెషిన్‌ని తుంటి మార్పిడికి కూడా వాడతారా, కుట్లు వేయకముందు బొమ్మ చూస్తారా అని నేరుగా సర్జన్ గారినే అడగండి. నిలబడి, కూర్చుని తీసే ఎక్స్‌రేలు ఏ ఊళ్లోనైనా తీయొచ్చు. వెన్ను బిగుసుకున్న వాళ్లయితే, ముఖ్యంగా మా వైపు ఫ్లోరైడ్ ఊళ్ల వాళ్లయితే, ఆ రెండు ఫిల్ములు లేకుండా డేట్ ఇచ్చేసుకోకండి.

నాన్నకి ఎడమ తుంటి కూడా అరుగుతోంది, వచ్చే ఏడాది చేయాల్సి రావచ్చు అన్నారు. ఈసారి ఇంకో అభిప్రాయం కోసం తిరగం, అదే డాక్టర్ గారి దగ్గరే, అదే పద్ధతిలో చేయిస్తాం. ఓటీ బొమ్మల సీడీ సంగతి మాత్రం అడ్మిషన్ కాగితం మీదే రాయించుకుంటాను.